పలకరింపు లేని దుఃఖం

మా తాతయ్య పోయినప్పుడు నాకు పదిహేనేళ్లు. తెనాలి దగ్గర మా ఊళ్లో, వసారాలో పరిచిన చాప ఆ పది రోజులూ ఒక్క పూట కూడా ఖాళీగా లేదు. పలకరించడానికి వచ్చిన ప్రతివారికీ అమ్మమ్మ అదే కథను మొదటినుంచీ చెప్పేది. రాత్రి మజ్జిగన్నం తిన్నారు, రేడియోలో వార్తలు విన్నారు, పదకొండింటికి దాహమేస్తోందన్నారు, తాను వంటింట్లోకి వెళ్లి కుండలో నీళ్లు ముంచుకుని వచ్చేసరికి తల పక్కకు వాలిపోయి ఉంది. ఆ గ్లాసును ఎక్కడ పెట్టిందో, పెడుతుంటే చెయ్యి వణికి నీళ్లు ఎంతమేర ఒలికాయో కూడా చెప్పేది. మూడో రోజుకల్లా నాకు ఆ కథ కంఠతా వచ్చేసింది. వచ్చినవాళ్లు మధ్యలో అడ్డు తగలకుండా వినేవారు. విన్న తరువాత "మా ఆయనా అంతే వదినా, కాఫీ పెట్టమని చెప్పి అటు తిరిగి పడుకున్నారు, మళ్లీ లేవలేదు" అంటూ తమ ఇంటి చావును అదే చాప మీద విప్పేవారు. రెండు ముద్దలైనా తినమని అమ్మమ్మను బతిమాలేవారు. పోయేటప్పుడు మాత్రం, అటువంటి ఇంట్లో అనకూడదు కాబట్టి, "వెళ్ళొస్తాం" అనకుండానే లేచి వెళ్లిపోయేవారు.

పదహారేళ్ల తరువాత, 2019 వేసవిలో, అయిదేళ్లుగా నేను పెళ్లి చేసుకుంటాననుకున్న మనిషికీ నాకూ మధ్య సంబంధం ముగిసిపోయింది. ఆ దుఃఖానికి చాప లేదు, వసారా లేదు, వచ్చేవారు లేరు. విషయం తెలిసిన అమ్మ "పోనీలే, ఏదైనా మన మంచికే" అని ఫోన్‌లో ఒక్క మాట అని, నాన్నకు చెప్పవద్దంది. ఆఫీసులో జ్వరమని చెప్పి రెండు రోజులు సెలవు పెట్టాను. మూడో రోజు రాత్రి, కూకట్‌పల్లిలో మేం అద్దెకుంటున్న గదిలో నా స్నేహితురాలు నిద్రపోయాక, ఫేస్‌బుక్‌లో ఒక పొడవాటి పోస్టు రాశాను. చివరిసారి మేం కలుసుకున్న టిఫిన్ సెంటర్లో అతను ఆర్డర్ చేసిన పెసరట్టును ఇద్దరమూ ముట్టుకోలేదని, అది చల్లారిపోయి అంచులు గట్టిపడటం చూస్తూ కూర్చున్నామని, సర్వర్ వచ్చి "తీసెయ్యమంటారా అండీ" అని అడిగినప్పుడే నాకు ఏడుపు వచ్చిందని రాశాను. తెల్లవారేసరికి దాని కింద నూటికి పైగా కామెంట్లు ఉన్నాయి. రాసినవారిలో సగం మంది నాకు ముక్కూమొహం తెలియనివారు.

ఆనాటినుంచి నేను ఇటువంటి పోస్టులను శ్రద్ధగా చదువుతూ వస్తున్నాను. ప్రేమ విఫలమైందని, పెళ్లి నిలవలేదని, పేరు పెట్టలేని బంధమొకటి తెగిపోయిందని మనుషులు తమంత తాముగా బహిరంగంగా రాసుకునే మాటలు, వారితో ఏ సంబంధమూ లేని వందలమందిని ఎందుకంతగా తాకుతాయన్న ప్రశ్నకు నాకు దొరికిన సమాధానం ఒకటే: మన సమాజం చావుకు పలకరింపు పెట్టింది గాని, బతికున్న మనిషిని పోగొట్టుకున్నవారికి పెట్టలేదు. ఆ పోస్టు ఎవరో తమ ఇంటి ముందు తామే పరుచుకున్న చాప. చదివేవారికి అది వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే చాప మీద ఎలా కూర్చోవాలో వారికి చిన్నప్పటినుంచీ తెలుసు.

ఈ మాటకు ఎదురు చెప్పేవారు మొదట అనేది, జనానికి ఇతరుల గుట్టు మీద ఆసక్తి అని. ఆ ఆసక్తి లేదని నేను అనను. కాని అదే అసలు కారణమైతే గుట్టు ఎంత ఎక్కువ విప్పితే పోస్టు అంత ఎక్కువగా తాకాలి. నేను చూసినంతలో జరిగేది దీనికి విరుద్ధం. ఎదుటివారి సందేశాల స్క్రీన్‌షాట్లు పెట్టి, తేదీలవారీగా నేరాల చిట్టా విప్పి రాసిన పోస్టు కింద జనం చేరతారు, కాని వారు తీర్పరులుగా చేరతారు. ఎవరిది తప్పో తేల్చి వెళ్లిపోతారు. చల్లారిన పెసరట్టు వంటి ఒక చిన్న సంగతిని మాత్రమే చెప్పి, మిగిలినదంతా చెప్పకుండా వదిలేసిన పోస్టు కింద చేరేవారు తమ కథ చెప్పుకుంటారు. "మాది బస్టాండులో అండీ, ఆయన బస్సు ఎక్కాక కిటికీలోంచి చెయ్యి ఊపుతాడేమోనని చూశాను" అని నా పోస్టు కింద ఒకామె రాసింది. ఆమెకు నా గుట్టుతో పని లేదు. తన బస్టాండును పెట్టుకోవడానికి ఆమెకొక చోటు కావలసి వచ్చింది.

రెండో సమాధానం మనస్తత్వ శాస్త్రం నుంచి వస్తుంది, దాన్ని నేను గౌరవిస్తాను. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్‌తో కలిసి 1986లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులను వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాల చొప్పున రాయమన్నారు. తమ జీవితంలోని బాధాకరమైన సంఘటననూ దాని వెంట ఉన్న తమ భావాలనూ కలిపి రాసినవారు, ఆ తరువాతి నెలల్లో, మామూలు విషయాలు రాసినవారికంటే తక్కువసార్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు. రాయడం వల్ల మనిషికి మేలు జరుగుతుందనడానికి ఆనాటినుంచీ ఈ ప్రయోగాన్నే చూపుతారు. అయితే ఆ విద్యార్థులు రాసిన కాగితాలు ఊరందరి ముందూ పెట్టలేదు. రాసి పక్కన పెట్టేసినా మేలు జరుగుతుందన్నప్పుడు నలుగురి ముందూ ఎందుకు రాయాలి, అంతకంటే ముఖ్యంగా ఆ నలుగురూ ఎందుకు చదవాలి అన్న ప్రశ్న అక్కడే మిగిలిపోతుంది. నేనూ నోటుపుస్తకంలో రాసి చూశాను. మూడు రాత్రులు రాశాను. పుస్తకం "మాదీ అంతే" అని అనదు.

మూడోది, ఇదంతా కంపెనీల యంత్రాంగం ఆడిస్తున్న ఆట అన్న వాదన. ఇందులో నిజం ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఫేస్‌బుక్ 2016 ఫిబ్రవరిలో లైకుతోపాటు ప్రేమ, నవ్వు, ఆశ్చర్యం, దుఃఖం, కోపం గుర్తులను ప్రవేశపెట్టింది. 2017 నుంచి ఒక్కొక్క గుర్తుకు లైకు కంటే అయిదు రెట్లు బరువు ఇచ్చి పోస్టులను పైకి తెచ్చిన సంగతి, 2021లో బయటపడిన ఆ కంపెనీ అంతర్గత పత్రాల ద్వారా లోకానికి తెలిసింది. మనుషుల మధ్య సంభాషణ రేకెత్తించే పోస్టులకు ప్రాధాన్యం ఇస్తామని 2018 జనవరిలో ఆ కంపెనీయే ప్రకటించింది. కన్నీటి బొమ్మలు, పొడవాటి కామెంట్లు పుట్టించే విడిపోయిన కథ ఇటువంటి లెక్కలో ఇట్టే పైకి తేలుతుంది. నా పోస్టు నాకు తెలియని యాభై మంది దాకా చేరడానికి నా మాటల బలం కంటే ఈ లెక్కే పెద్ద కారణమై ఉండవచ్చు. అయినా యంత్రం పోస్టును మనిషి కళ్ల ముందుకు తేగలదు గాని, అర్ధరాత్రి ఒంటిగంటకు పది వాక్యాల కామెంటు రాయించలేదు. ఆ పది వాక్యాలూ ఆ మనిషిలో అంతకుముందే ఉన్నాయి.

వాటిని అంతకుముందే ఎందుకు చెప్పుకోలేకపోయారన్నదే అసలు విషయం. అమెరికన్ పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో ఒక రకమైన దుఃఖానికి పేరు పెట్టాడు. తెలుగులో దాన్ని హక్కు దక్కని దుఃఖం అనవచ్చు. నష్టం జరిగిందని నలుగురూ ఒప్పుకోని, బహిరంగంగా ఏడవడానికి అనుమతి లేని, ఓదార్పు పొందే వీలులేని దుఃఖం అది. ప్రేమ తెగిపోవడం మన ఇళ్లలో సరిగ్గా ఈ కోవకే చెందుతుంది, ఎందుకంటే చాలా ఇళ్లలో ప్రేమ ఉన్నట్లే ఎవరికీ తెలియదు. లేనిదాన్ని పోగొట్టుకున్నామని ఎవరితో చెప్పుకోవాలి? పెళ్లి విడిపోతే కనీసం చట్టం ఉంది, 1955 నాటి హిందూ వివాహ చట్టానికి 1976లో చేర్చిన 13-బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకోవచ్చు, అది ముగిసిందని చెప్పే కాగితం ఒకటి చేతికి వస్తుంది. ప్రేమ ముగిసిందని చెప్పే కాగితం ఎవరూ ఇవ్వరు. ఫోన్‌లో ఒక నంబరును బ్లాక్ చేస్తాం. ఆ పని మనం తప్ప ఎవరూ చూడరు.

ఈ దుఃఖానికి మన వాడుకలో ఉన్న పేరును గమనించండి. లవ్ ఫెయిల్యూర్ అంటాం. "వాడికి లవ్ ఫెయిల్యూర్ అంట" అని మాట్లాడుకుంటాం. ఇంటర్ ఫలితాల రోజున ఇళ్లలో ఎంత భయం నెలకొంటుందో తెలిసిన సమాజం, ఆ ఫలితాల పట్టికలోని మాటనే తెచ్చి ప్రేమకు తగిలించింది. చనిపోయిన భర్త గురించి చెబుతున్న అమ్మమ్మను ఎవరూ ఫెయిలయిందని అనలేదు. ప్రేమించి విడిపోయినవారు మాత్రం నోరు తెరిచే ముందే తప్పినవారి జాబితాలో చేరిపోతారు. మన సినిమాలు మగవాడి భగ్న ప్రేమకు ఒక సీసానూ గడ్డాన్నీ ఇచ్చి, అలాగైనా దానికి ఒక రూపం కల్పించాయి. ఆడపిల్ల దుఃఖానికి అదీ లేదు, దాని గురించి తెలిస్తే తరువాతి సంబంధాలు రావన్న భయం తప్ప. కాబట్టి ఒక అమ్మాయి తన పేరుతో, తన ఫొటో ఉన్న ఖాతాలో "ముగిసింది" అని రాసినప్పుడు, చదివిన అమ్మాయిలకు అది ఎంత పెద్ద పనో అర్థమవుతుంది. వారి కామెంట్లలో సానుభూతికంటే ముందు కనిపించేది ఆ గుర్తింపే.

మరో మాట కూడా ఉంది. తెలుగులో వచ్చే ఇటువంటి పోస్టుల్లో పదే పదే కనిపించే రెండు మాటలు "ఇంట్లో ఒప్పుకోలేదు". అంతకుమించి రాయరు. ఏ ఇంట్లో, ఎందుకు ఒప్పుకోలేదో రాయరు. చదివేవారు అడగరు కూడా, ఎందుకంటే నూటికి తొంభైసార్లు కులమని తెలుసు. తక్కినవాటిలో మతమో, కట్నమో, ఊరో అయి ఉంటుందని తెలుసు. నా విషయంలో కూడా నేను ఆ రెండు మాటలే రాశాను. అతని ఇంట్లో జరిగిన మాటలను, మా ఇంటి గురించి అక్కడ అన్న మాటలను నేను రాయలేదు. అయినా కింద కామెంట్లు పెట్టినవారిలో ఎవరికీ వివరణ కావలసి రాలేదు. ఒకే గాయం ఇంతమందికి ఉండి, దాని పేరు పలకడానికి మాత్రం అందరమూ భయపడే చోట, పేరు పలకకుండానే గాయాన్ని చూపించే రాత ఎంత దూరం వెళుతుందో వేరే చెప్పనవసరం లేదు. దీన్ని వ్యక్తిగత విషయమని కొట్టిపారేసేవారితో నాకు పేచీ ఉంది. ఇద్దరు మనుషుల మధ్య ప్రేమను నాలుగు కుటుంబ సమావేశాలు తెంచినప్పుడు అది ఆ ఇద్దరి వ్యక్తిగత విషయంగా ఎలా మిగులుతుంది?

ఇక్కడ మన సంప్రదాయంలోనే ఉన్న ఒక దృశ్యాన్ని గుర్తుచేసుకోవాలి. కృష్ణా జిల్లా కూచిపూడిలో తరతరాలుగా ఆడుతూ వచ్చిన, సిద్ధేంద్రయోగి రాశాడని చెప్పుకునే భామాకలాపంలో కథంతా సత్యభామ విరహమే. కృష్ణుడు తనను విడిచి వెళ్లాడని ఆమె చెలికత్తె మాధవికి చెప్పుకుంటుంది, లేఖ రాసి పంపుతుంది. మాధవి ఒక్కతే వింటున్నట్లు కనిపించినా, చుట్టూ కూర్చున్న ఊరంతా వింటోంది. స్త్రీ పాత్రలకు పేరుపడ్డ కూచిపూడి కళాకారుడు వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా వేదిక మీద నిలబడితే జనం కదలకుండా చూసేవారని మా పెద్దల నోట విన్నాను. ఆ ఊరికి కృష్ణుడి గుట్టు తెలుసుకోవాలన్న ఆత్రం లేదు. కథ ఎలా ముగుస్తుందో అందరికీ ముందే తెలుసు. వారిని కూర్చోబెట్టింది సత్యభామ చెప్పే తీరు. ముఖ్యంగా, తన అతిశయమే తనను ఇంతవరకూ తెచ్చిందని ఆమెకు క్రమంగా తెలిసివచ్చే తీరు.

పోస్టుల్లో కూడా నన్ను నిలబెట్టేది ఆ క్షణమే. "అతను మారతాడని కాదు, నేను అడిగితే మారతాడని అనుకున్నాను" అని ఒక స్నేహితురాలు రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అందులో అతని మీద ఫిర్యాదు ఉంది, తన మీద తనకున్న నమ్మకం కూలిపోవడమూ ఉంది. ఎదుటివారిని నిందించే రాత చదివేవారిని సాక్షుల బోనులో నిలబెడుతుంది, తన వాటాను కూడా ఒప్పుకునే రాత పక్కన కూర్చోబెట్టుకుంటుంది. కూర్చున్నవారికే తమ వాటా గుర్తొస్తుంది.

ఇక చాపకూ పోస్టుకూ ఉన్న తేడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని నేను నా తప్పు వల్లనే తెలుసుకున్నాను. అమ్మమ్మ చెబుతున్న కథలోని మనిషి లేచి వచ్చి "అలా కాదు, నేను మంచినీళ్లు అడగలేదు" అనలేడు. మన కథలోని మనిషి బతికే ఉన్నాడు, అతనికీ ఫోన్ ఉంది, అతనికీ తెలిసినవాళ్లున్నారు. నా పోస్టులో అతని పేరు రాయలేదు కాబట్టి న్యాయంగానే రాశాననుకున్నాను. కాని అతను పనిచేసే చోటును పోల్చుకోగలిగే వాక్యం ఒకటి ఉండిపోయింది. రెండు రోజుల తరువాత అతని సహోద్యోగి ఎవరో ఆ పోస్టును ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అతను నాకు ఒక్క సందేశం పంపాడు: "నువ్వు రాసింది నిజమే. కాని నాకు చెప్పుకునే చోటు లేదు." నా పోస్టులోని ఆ వాక్యాన్ని వెంటనే తీసేశాను. అతని మాట మాత్రం నన్ను వదల్లేదు. మగవాడు కాబట్టి అతను పోస్టు రాస్తే వచ్చే కామెంట్లు ఎలా ఉండేవో నాకు తెలుసు, "లైట్ తీసుకో మామా" అని పది, ఆడవాళ్లంతా అంతేనని పది. అతని దుఃఖానికి హక్కు నాకు దక్కినంత కూడా దక్కలేదు.

మనవాళ్లు ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు. ఆ మాటలోని జాగ్రత్తను నేను తోసిపుచ్చను. మరొకరి గుట్టును మన దుఃఖంతోపాటు వీధిలో పెట్టే హక్కు మనకు లేదు. కాని అదే నోటితో మనవాళ్లు చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అని కూడా అన్నారు. ప్రాణం పోవడమన్నది ఇక్కడ మాటవరసకు అన్నది కాదు. ఈథన్ క్రాస్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో, తమ ఇష్టం లేకుండా ఇటీవలే ప్రేమబంధం తెగిపోయిన 40 మందికి ఆ మనిషి ఫొటో చూపించి మెదడును స్కాన్ చేస్తే, చర్మానికి నొప్పి పుట్టించేంత వేడి తగిలినప్పుడు పనిచేసే భాగాల్లో కొన్ని అప్పుడూ పనిచేశాయి. కోత అన్న మాటను గుండెకూ కడుపుకూ చేర్చి వాడిన మన భాషకు ఇది ముందే తెలుసునేమో. కోత పడినవారిని గుట్టుగా ఉండమని చెప్పేవారు, ఎక్కడ చెప్పుకోవాలో కూడా చూపించాలి. చూపించలేకపోతే, వారు తమకు దొరికిన చోట చెప్పుకున్నందుకు కోప్పడకూడదు.

అందరికీ ఆ చోటు ఒకేలా దొరకదు. సమంత, నాగచైతన్య 2021 అక్టోబరు 2న విడిపోతున్నామని ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటించినప్పుడు, ఆ మాటల్లో కథ లేదు. ఏకాంతం ఇవ్వమన్న కోరిక మాత్రమే ఉంది. వారు పరచని చాప మీద జనం కూర్చున్నారు, వారు చెప్పని కథను తామే అల్లారు, కొద్ది రోజుల్లోనే సమంత తన మీద వచ్చిన వదంతులను ఖండిస్తూ మళ్లీ రాయవలసి వచ్చింది. పిలవని పలకరింపు ఎంత క్రూరంగా మారగలదో అప్పుడు తెలుగువాళ్లమందరం చూశాం. మామూలు మనిషి రాసిన పోస్టు కింద ఇంత ఆర్ద్రంగా మాట్లాడే మనుషులే అక్కడ అలా మాట్లాడారన్నది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అపరిచితులు ఎందుకు అంత ఆర్ద్రంగా మాట్లాడగలరన్నదానికి మాత్రం నా దగ్గర సమాధానం ఉంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త గేయోర్గ్ జిమ్మెల్ 1908లోనే అపరిచితుడి గురించి రాస్తూ, సొంతవాళ్లకు చెప్పని సంగతులను కూడా మనుషులు అతని ముందు ఒప్పుకుంటారని గమనించాడు. రైల్లో ఎదుటి బెర్తు మనిషికి మనం చెప్పుకునే మాటలు అటువంటివే. తెల్లారితే ఎవరి స్టేషన్‌లో వారు దిగిపోతారు. చెప్పేవారికే కాదు, వినేవారికీ ఆ స్వేచ్ఛ ఉంటుంది. మా అమ్మ నా దుఃఖాన్ని పూర్తిగా వినలేకపోయింది, ఎందుకంటే దాన్ని వింటే నాన్నకు ఏం చెప్పాలో, రేపు చుట్టాలు అడిగితే ఏమనాలో ఆమె ఆలోచించుకోవాలి. నా పోస్టు చదివి కామెంటు పెట్టినవారిలో కరీంనగర్ నుంచి ఒకామె ఉంది, ఆమెకు ఆ బరువు లేదు. అందుకే ఆమె అన్నిటికంటే చిన్న ప్రశ్న వేయగలిగింది. "ఏమైనా తిన్నారా అమ్మా?" అని రాసింది.

అప్పటికి నేను తిని ఒకటిన్నర రోజయింది. ఆ మాట చదివి లేచి, గదిలో ఉన్న అరటిపండు తిన్నాను.

ఆ పోస్టును ఆరు నెలల తరువాత నాకు మాత్రమే కనిపించేలా మార్చాను. ఏటా వేసవిలో ఫేస్‌బుక్ దాన్ని జ్ఞాపకంగా నా ముందుకు తెస్తుంది. ఎవరూ గుర్తుపెట్టుకోని సంవత్సరీకం లాగా. నేను రాసింది చదవను. నేరుగా కిందికి వెళ్లి, ఒకామె బస్టాండు, మరొకరి కాలేజీ మెట్లు, ఇంకొకరి పెళ్లిపత్రిక, అన్నీ చదువుకుంటూ కరీంనగర్ ఆమె దగ్గరికి వచ్చి ఆగుతాను. ఆమె పేరు పక్కన ఇప్పుడు ఫొటో లేదు, ఖాతా మూసేసినట్లుంది. నేను ఆమెకు జవాబిచ్చానో లేదో ప్రతిసారీ వెతుక్కుంటాను. ఇచ్చాను. "ఇప్పుడే తిన్నానండీ" అని ఉంది.